తీగ కోసిందెవరు

మా ఆయన ఈ మధ్య ఆయుర్వేదం దుకాణం నుంచి ఒక డబ్బా తెచ్చాడు. మీద తమలపాకు లాంటి ఆకు బొమ్మ, దాని కింద సంస్కృతంలో పేరు. గుడూచి అట. లోపల గొట్టం మాత్రలు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఏ రోగానికి అని అడిగాను. రోగానికి కాదు, రోగం రాకుండా అన్నాడు. ఒక మాత్ర విప్పి పొడి నాలుక మీద వేసుకున్నాను. తిప్పతీగే. ఆకు బొమ్మ చూసినప్పుడే అనుకున్నాను గాని, బొమ్మను చూసి నమ్మే మనిషిని కాను.

చేదు తెలియకుండా ఉండడానికే ఆ గొట్టం, దాన్ని విప్పుతావేమిటని ఆయన విసుక్కున్నాడు. చేదు తెలియని తిప్పతీగ ఏం తిప్పతీగ అని నేను. అన్నం చల్లారేదాకా ఆ వాదం సాగింది. నేనే గెలిచానని నా నమ్మకం. తానే గెలిచానని ఆయన నమ్మకం. అందుకే మా కాపురం ఇన్నాళ్ళు నిలబడింది.

రోగం లేకుండా తిప్పతీగ మింగడం కొత్త విద్యేమీ కాదని మాత్రం ఆయనకు చెప్పాను. మా ఊళ్ళో ఆ పని మొదట చేసినవాడు పోలీసు పటేలు. పోలీసు చర్య అయిన తర్వాతి చలికాలంలో చేశాడు. సరదాకి చెయ్యలేదు పాపం.

మా ఊరు చిట్యాలకూ నకిరేకల్లుకూ నడుమ, పెద్ద సడక్ నుంచి కాస్త లోపలికి ఉంటుంది. అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. ఇంట్లో బాపు, అమ్మ, నేను, అవ్వ. అవ్వ అంటే బాపు తల్లి. బాపు ఆమెను అవ్వా అనేవాడు, నేనూ అవ్వా అనేదాన్ని, ఊళ్ళో సగం మందికీ ఆమె అవ్వే. నా నోరు ఎవరి పోలిక అని అడిగేవాళ్ళకు ఆమెను చూపించలేకపోతున్నానే అని నాకు ఇప్పటికీ బాధ.

అవ్వకు మందుల విషయంలో కొన్ని పట్టింపులు ఉండేవి. తిప్పతీగ ఏ చెట్టు మీద పాకితే ఆ చెట్టు గుణం పట్టుకుంటుంది. కాబట్టి జ్వరానికి వేపచెట్టు మీది తీగే కావాలి. మా దొడ్లో తుమ్మచెట్టు మీద తిప్పతీగ దట్టంగా అల్లుకుని ఉండేది. అవ్వ దాన్ని మేకలకు వేసేది. తీగ తీగే కదా, తుమ్మ మీదుంటే ఏం, వేప మీదుంటే ఏం అని నేను ఆనాడే వాదించాను. తాటిచెట్టు కింద కూసోని పాలు తాగు, ఊరోళ్ళు ఏమంటరో సూద్దాం అన్నది. దానికి జవాబు నాకు కాలేజీలో వృక్షశాస్త్రం చదివాక దొరికింది గాని, అప్పటికి అవ్వ లేదు.

మా వాడకట్టులో తిప్పతీగ పాకిన వేపచెట్టు ఒక్కటే. అది పటేలు కొట్టం పక్కన ఉంది. పటేలుకూ మాకూ మాటల్లేవు. మా పెసర చెలకకూ ఆయన చెలకకూ నడుమ ఉన్న గెట్టు ఏటేటా ఒకసారి ఇటు, ఒకసారి అటు జరిగేది. ఎవరి నాగలి ముందు పోతే వారి వైపు చెలక కాస్త లావయ్యేది. బాపు, పటేలు గెట్టు దగ్గర అరుచుకునేవాళ్ళు. అవ్వ మాత్రం ఆయనతో నేరుగా మాట్లాడేది కాదు, ఆయన వినేట్టు మా బర్రెతో మాట్లాడేది. "ఓ బర్రె, పక్కోని చెలకల మూతి పెట్టకే, నీకు పటేల్గిరీ ఇయ్యలే" అనేది. పటేలు కూడా జవాబు తన ఎద్దుకే చెప్పేవాడు. ఎండిపోయిన మనిషి, పెద్ద తలపాగా. నోట్లో ఎప్పుడూ బెల్లం ముక్క ఉండేది. రొంటిన బెల్లం లేకుండా ఆయన గడప దాటడని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు.

మాటల్లేని మనిషిని తీగ అడగడం ఎలా? అవ్వ దానికీ ఒక నియమం కనిపెట్టింది. మందును అడిగి తెచ్చుకుంటే పనిచెయ్యదట. అందుకని కొడవలి కొంగు కింద పెట్టుకుని పోయి, కిందికి వేలాడే తీగను కోసుకుని వచ్చేది. దీన్ని నేను దొంగతనం అనేదాన్ని. వైద్యం అనేది అవ్వ.

ఆ ఏడు వానలు వెనకబట్టాక బాపుకు చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు, సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి వణుకు మొదలయ్యేది. మామూలు రోజుల్లో అయితే గొంగడి కప్పుకుని పడుకుంటే సరిపోయేది. అవి మామూలు రోజులు కావు. రజాకార్లు పోయారని ఊరంతా పండగ చేసుకున్నాం. ఆ తర్వాత కొద్ది రోజులకే సడక్ మీద మిలిటరీ క్యాంపు పడింది, కమ్యూనిస్టు సంఘం వాళ్ళ కోసం ఊళ్ళు వెతకడం మొదలయింది. సంఘంలో లేనిదెవరు? మా బర్రె తప్ప ఊరంతా ఉన్నది. అడవిలో దళంతో తిరిగినవాళ్ళకే చలిజ్వరం వస్తుందని క్యాంపులో ఎవరికో ఒక నమ్మకం కుదిరింది. అడవిలో దోమలుంటాయి కాబట్టి జ్వరం ఉన్నవాడు అడవి నుంచి వచ్చినట్టే. మా ఊళ్ళోనూ దోమలున్నాయని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? పక్క ఊళ్ళో గొంగడి కప్పుకుని పడుకున్న ఒకాయనను మంచంలోంచి లేపి తీసుకుపోయారు. ఆయన ఇంకా తిరిగి రాలేదు.

కాబట్టి మా ఇంట్లో జ్వరాన్ని దాచాలి. ముంతలోని డబ్బు దాచవచ్చు, జ్వరాన్ని ఎలా దాచాలి? వణుకు వచ్చే వేళకు అవ్వ బాపు చేతికి జల్లెడ ఇచ్చి అరుగు మీద కూర్చోబెట్టేది. బాపు వణికేవాడు, జల్లెడ ఊగేది, జొన్నపిండి కింద పడేది. మగమనిషి జల్లెడ పట్టడమేందని దారిన పోయే ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. పెండ్లాం మెత్తని రొట్టె చేసి పెడతలేదట, అందుకే తానే జల్లిస్తున్నడని అవ్వ చెప్పేది. లోపల మా అమ్మ పండ్లు కొరికేది. జల్లించిన పిండినే మళ్ళీ మళ్ళీ జల్లించడం వల్ల ఆ రోజుల్లో మా ఇంటి రొట్టెలు నిజంగానే మెత్తగా ఉండేవి.

ఒకనాటి పొద్దున సడక్ మీద టెలిగ్రాఫ్ కంబాల మధ్య తార్ తెగి నేల మీద పడి ఉందట. తెంపింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినా రాయను. పొద్దెక్కకముందే మిలిటరీ ఊళ్ళోకి దిగి అందరినీ చావడి ముందుకు తోలింది. మగవాళ్ళను వరసగా కూర్చోబెట్టారు, ఆడవాళ్ళు, పిల్లలు ఒక పక్కన నిలబడ్డారు. వరసలో బాపు ఉన్నాడు. అవ్వ నన్ను దగ్గరికి లాక్కుని చెవిలో, ఈ దినం జరం వంతున్నదే బిడ్డా, పొద్దు నెత్తిమీదికి రాకముందే అయిపోవాలె అన్నది. నేను సూర్యుడిని చూశాను. అప్పటికే చావడి నీడ సగం కురచయింది.

మీసాల అధికారి ఒకాయన కుర్చీలో కూర్చున్నాడు. ఆయన పక్కన ఒక వైపు మా పటేలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంకో వైపు మా మాటల్ని ఆయనకూ, ఆయన మాటల్ని మాకూ చెప్పడానికి తెచ్చిన గుమాస్తా. ఆ గుమాస్తాది కోస్తా వైపు. ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ తెలుగు. అధికారి ఏదో అన్నాడు. గుమాస్తా మా వైపు తిరిగి మర్యాదగా అడిగాడు.

"రాత్రి తీగలు కోసింది ఎవరు? ఎవరో ఒకరు ఒప్పుకుంటే మిగతావాళ్ళందరినీ ఇప్పుడే వదిలేస్తారు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు కంబాల మీద ఉండేది తార్. టెలిగ్రాము వచ్చినా తార్ వచ్చిందనే అంటాం. తీగ అంటే చెట్టు మీద పాకేది, పందిరికి ఎక్కేది, కాయ కాసేది. ఇనుముతో చేసినదాన్ని తీగ అనడం నేను మొదట విన్నది ఆ గుమాస్తా నోట. తర్వాత కోస్తావాడైన మా ఆయన నోట.

అవ్వ గుమాస్తాను చూసింది. అధికారి పక్కన ఉన్న పటేలును చూసింది. ఆమెకు అంతా అర్థమైంది, అంటే మొత్తం తప్పుగా అర్థమైంది. తన వేపచెట్టు తీగ కోశారని పటేలు మిలిటరీకి ఫిర్యాదు చేశాడనుకుంది. పైగా ఒప్పుకుంటే అందరినీ ఇప్పుడే వదిలేస్తారంటున్నారు. కొంగు నడుముకు చెక్కి ముందుకు నడిచింది.

"నేనే కోసిన," అన్నది.

వరసలో బాపు లేవబోతే వెనక ఉన్న సిపాయి భుజం నొక్కి కూర్చోబెట్టాడు. కంబం ఎలా ఎక్కావని గుమాస్తా అడిగాడు. కంబమెందుకు ఎక్కుత, చెట్టు గూడ ఎక్కలే, కిందికి ఏలాడుతుంటే కొడవలి పెట్టి కోసిన అన్నది అవ్వ. ఎంత కోశావంటే, రెండు మూరలు అన్నది. అంతటితో ఆగితే ఆమె మా అవ్వ ఎందుకవుతుంది? పటేలు వినాలని, బర్రె దగ్గర లేదు కాబట్టి, తన కొడవలి చేతితోనే మాట్లాడింది. "రెండు మూరల తీగకు పటాలాన్ని దించిండ్రు సూడే. బంగారు తీగాయె మరి."

అధికారి ముఖం గట్టిపడింది. మనుషులు ఎవరెవరు, ఆయుధాలు ఎక్కడ అని అడగడం మొదలుపెట్టాడు. అప్పటికి పటేలుకు సంగతి తెలిసిపోయింది. ఆయన ఒక అడుగు ముందుకు వేసి గుమాస్తాతో నెమ్మదిగా చెప్పాడు. "అయ్యా, తమరు అడిగేది తార్. గీమె చెప్పేది తీగ. నా యాపచెట్టు మీది తిప్పతీగ కోసిందీమె."

తీగ అంటే తీగే కదా అని గుమాస్తా అధికారికి చెబుతూనే మమ్మల్నందరినీ అనుమానంగా చూశాడు. అధికారి మాత్రం ఆ తీగను తెచ్చి చూపించమన్నాడు. అవ్వ నన్ను పంపింది.

ఇంటికి ఎలా ఉరికానో గుర్తు లేదు. తీగ ఎక్కడ ఉండేదో మాత్రం ఇప్పుడు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. వంటింటి గుంజకు మేకు, మేకుకు చుట్టి వేలాడేసిన రెండు మూరలు. తిప్పతీగను కోసి గాలికి వేలాడదీసినా చావదు. మట్టి లేదు, నీళ్ళు లేవు, అయినా ఒక కణుపు దగ్గర నా చిటికెన వేలి గోరంత ఆకు విప్పింది. ఆ ఆకు రాలిపోకుండా రెండు చేతుల్లో పట్టుకుని తెచ్చాను.

అధికారి తీగను అందుకున్నాడు. కాగితం లాంటి పైపొరను గోటితో గీరాడు, లోపల పచ్చదనం బయటపడింది. ఆయన ముఖం ఒక్కసారి మారిపోయింది. మీసాల కింద నవ్వు కనబడింది. గిలోయ్ అన్నాడు. వాళ్ళ దేశంలో దాని పేరు అదట. వాళ్ళ ఇంటి ముందు వేపచెట్టు మీద పాకిందట, చిన్నప్పుడు జ్వరం వస్తే వాళ్ళమ్మ అదే కాచి పోసేదట. గుమాస్తా చెబుతుంటే ఆడవాళ్ళందరం ఊపిరి పీల్చుకున్నాం. అవ్వ అయితే సంబరంగా తల కూడా ఊపింది.

జ్వరం అనే మాట దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది. ఆయన తీగను మోకాలి మీద పెట్టుకుని వరసలోని మగవాళ్ళను ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు.

"బుఖార్ కిస్కో హై?"

జ్వరం ఎవరికని. దానికి గుమాస్తా అక్కర్లేదు. బుఖార్ అంటే మా దగ్గర పాలు తాగే పిల్లలకూ తెలుసు. చావడి నీడ గోడ మొదట్లోకి ముడుచుకుపోయింది. బాపు మోకాళ్ళను చేతులతో చుట్టి గట్టిగా పట్టుకోవడం నాకు కనిపించింది. అవ్వ కూడా చూసింది. నా వీపు మీద ఒక్క తోపు తోసి, పో, మీ బాపు ఒళ్ళె కూసో అన్నది.

ఒళ్ళో కూర్చునే వయసు కాదు నాది. నలుగురి ముందు సిగ్గేసింది కూడా. అయినా పోయి కూర్చున్నాను. బాపు నన్ను చుట్టి పట్టుకుని మోకాళ్ళు ఊపడం మొదలుపెట్టాడు, పసిపిల్లను ఆడించినట్టు. జల్లెడలో పిండి సంగతి నాకు అప్పుడు తెలిసింది. నా పండ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ వణుకు నాది కాదు. బాపు గదవ నా నెత్తి మీద ఆనించాడు, అది పొయ్యి మీది పెంకులా కాలుతున్నది. చూసేవాళ్ళకు మాత్రం బిడ్డను ముద్దు చేస్తున్న తండ్రే.

పటేలు దగ్గాడు.

"నాకే సాబ్," అన్నాడు. తర్వాత తలపాగా కొంచెం సర్దుకుని, "బుఖార్ గాదు. బవాసీర్," అన్నాడు.

బవాసీర్ అంటే మొలలు. ఊరందరి ముందు, ఆడవాళ్ళు వింటుండగా, పోలీసు పటేలు ఆ మాట అన్నాడు. సిపాయిలు పగలబడి నవ్వారు. అధికారి నవ్వాడు. గుమాస్తా కూడా ఇస్త్రీ నలిగేట్టు నవ్వాడు. మా ఊరివాళ్ళు మాత్రం నవ్వు ఆపుకుని నేల చూపులు చూశారు. అధికారి కత్తితో వేలెడు ముక్క కోసి, మందు నీదైతే తిను చూద్దామన్నట్టు పటేలు ముందుకు చాపాడు.

కషాయంగా కాచి, శొంఠి మిరియాలు వేసినా తిప్పతీగ గొంతు దిగదు. పటేలు పచ్చి ముక్క నోట్లో వేసుకున్నాడు. నోట్లో బెల్లం ముక్క కరగకుండా తెల్లవారని మనిషి. నమిలాడు. నెమ్మదిగా, మామూలుగా, పేలాలు నమిలినట్టు నమిలాడు. ముఖంలో ఒక్క ముడత కదల్లేదు. మింగి, కండువాతో మూతి తుడుచుకున్నాడు. అధికారి మిగిలిన తీగను అవ్వకు తిరిగి ఇచ్చేసి లేచాడు. వాళ్ళ బండ్లు పక్క ఊరి వైపు పోయాయి.

బండ్ల దుమ్ము అణిగేదాకా ఎవరూ కదల్లేదు. బాపును నలుగురు పట్టుకుని ఇంటికి తీసుకుపోయారు, ఆ పూటకు ఆయన దాచుకోవలసిన పని లేదు. పటేలు చావడి వెనక్కి పోయి చాలాసేపు ఉమ్మాడు. రొంటి విప్పి బెల్లం మొత్తం ఒకేసారి నోట్లో కుక్కుకున్నాడు. అవ్వ అక్కడికి పోయి నిలబడింది. నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నాను.

"గా మాట ఎందుకన్నవ్ పటేలా," అన్నది. వాళ్ళిద్దరూ బర్రె, ఎద్దు నడుమ లేకుండా మాట్లాడుకోవడం నేను మొదటిసారి విన్నాను.

"నీ కొడుకు పోతే గెట్టు కాడ నాతోని కొట్లాడెటోడెవ్వడు? నీ బర్రెనా?" అన్నాడు పటేలు, నోటినిండా బెల్లంతో.

అవ్వ ఇంటికి వచ్చి కుండ పెట్టింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో కషాయం దాచి కాచవలసిన అవసరం పోయింది. వాసన ఎంత దూరం పోయినా, పటేలు మొలలకు అని చెప్పవచ్చు. ఒకే కుండ. సగం లోపల బాపుకు, సగం చెంబులో పోసి అవ్వ పట్టపగలు వీధి నడుమ నుంచి పటేలు ఇంటికి తీసుకుపోయేది. క్యాంపు వాళ్ళు వచ్చినప్పుడల్లా ఆ గుమాస్తా పటేలును చూసి, ఎలా ఉందండీ అని పలకరించేవాడు. పటేలు జర నయ్యమే అనేవాడు. ఎన్ని రోజులైనా జర నయ్యమే.

చెంబు అందుకుని పారబోస్తే సరిపోయేది కదా, ఆయనను నిజంగా తాగించడమేమిటని అవ్వతో వాదం పెట్టుకున్నాను. తాగినోని మొకం, తాగనోని మొకం ఒక్కతీరుంటదా, ఆ మీసాలాయనకు చేదు తెలుసు అన్నది. అది నిజమే కావచ్చు. కాని పటేలు ఆఖరు గుక్క తాగేదాకా ఆమె గడపలోనే నిలబడి చూసే తీరులో గెట్టు పగ కొంచెం కలిసి ఉండేదని నా అనుమానం. కషాయం కూడా ఆయన చెంబులో చిక్కగానే ఉండేది. అవ్వ ఇక దొంగచాటుగా కోసుకునేది కాదు. పటేలే కొట్టం పక్క ఎత్తున ఉన్న తీగలను కట్టెతో వంచి కిందికి వేలాడేసి పెట్టేవాడు. ఆమె తీగ కోసేటప్పుడు తన ఎద్దుతో, ఒక్కతీరు కొయ్యమను, మొదలు తెంపొద్దను అని చెప్పేవాడు.

తిప్పతీగ వల్ల బాపు జ్వరం తగ్గిందా అంటే నేను ఒట్టు వేసి చెప్పలేను. చలికాలం ముదిరితే దోమలు తగ్గుతాయి, వంతు జ్వరాలు కొన్ని వాటంతట అవే సన్నగిల్లుతాయి. ఈ మాట అంటే మా ఆయన డబ్బా చూపిస్తాడు. అవ్వ ఉంటే చెంబు చూపించేది. పటేలు మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్ళు రాయిలాగా బతికాడు. ఏ రోగమూ రాలేదు. మొలలు కూడా రాలేదు.

ఎండలు మొదలైన రోజుల్లో బాపు చెలకకు కంప కొట్టడానికి పోయాడు. అప్పటికి వణుకు పోయింది గాని, మనిషి మెత్తబడిపోయాడు, గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చేది. అవ్వ ఇంకా కుండ పెడుతూనే ఉంది. సద్ది తీసుకుని నేనూ అవ్వా పోతున్నాం. చెలక ఇంకా దూరం ఉండగానే కేకలు వినిపించాయి. పటేలు నాగలి గెట్టు మీదికి వచ్చిందట. మా తాత ముత్తాతల కాడికెల్లి ఇదే గెట్టని బాపు, నీ తాతకు చెలకనే లేదని పటేలు. ఇద్దరి అరుపులకూ కొంగలు లేచిపోయాయి. బాపు గొంతు ఖంగున మోగుతున్నది.

నేను పరుగెత్తబోతే అవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది. నెత్తి మీది సద్దిగంప దించి, తుమ్మ నీడలో తీరికగా కూర్చుని, కొంచెంసేపు ఆ తగువు విన్నది.

"గొంతు సూడు," అన్నది. "జరం పోయింది."

ఆ సాయంత్రం కుండ కడిగి బోర్లించింది.